మా వీధి బోర్డు, మా ఎనుము పాలు

అనంతపురం అంచున, బుక్కరాయసముద్రం వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది మా వీధి. చుట్టుపక్కల వీధులకు దేవుళ్ళ పేర్లో, స్థలాలు అమ్మినవాళ్ళ పేర్లో ఉండేవి. మా వీధికి పేరే లేదు. రెండు వేల సంవత్సరం దాటాక, వరుసగా వానలు తప్పిన కాలంలో, మా యువకులంతా కలిసి అంటరానితనం మీద జీవితమంతా పోరాడిన నాయకుడి పేరు పెట్టుకున్నారు. రోడ్డుకు కనబడేలా నీలం బోర్డు పాతారు. హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ణి కాబట్టి ఆ రోజూ నేనే మాట్లాడాను. మా అమ్మ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

మాకొక పాడి ఎనుము ఉండేది. శెనక్కాయ చేలు ఎండిపోయి కూలిపని దొరకని ఆ ఏళ్ళలో దాని పాలే మాకు తిండి. అమ్మ రోజూ పొద్దున్నే బస్టాండు దగ్గర ఒక హోటలుకు పాలు పోసి వచ్చేది. హోటలాయన పాలలో గాజు గొట్టం వేసి చిక్కదనం చూసుకుని, "నీ పాలే పాలమ్మా" అని మెచ్చుకునేవాడు. ఎక్కడినుంచి వస్తావని అడిగితే అమ్మ "చెరువు కాడ" అనేది.

ఒకసారి అమ్మకు జ్వరం వచ్చింది. నాయన ఆమె పక్కనే ఉండిపోయాడు. పాలు అందక హోటలాయన స్కూటరు మీద వెతుక్కుంటూ వచ్చి, బోర్డు దగ్గర ఆగి చదివాడు. అప్పుడే ఇంట్లోనుంచి బయటికొచ్చిన నాయనను అడిగాడు.

"పాలామె ఇల్లు యాడప్పా?"

"ఈడే సామీ, నా పెండ్లామే. రాండి, పాలు పిండి పెట్టినా."

"ఈ వీధేనా?"

"ఈ వీధే."

ఆయన స్కూటరు వెనక్కు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు అమ్మ ఓపిక తెచ్చుకుని మోసుకెళ్ళిన పాలు అలాగే తిరిగొచ్చాయి. నేను వెళ్ళి నిలదీశాను.

"మొన్నటి దాకా కాచింది ఈ పాలే కదన్నా? గొట్టం ఏమన్నా తప్పు చూపించిందా?"

"నాకేమీ లేదప్పా. టీ తాగేటోళ్ళు యాడి పాలని అడిగితే ఏం చెప్పల్ల?"

"ఎవరన్నా అడిగినారా?"

"ఇంగా అడగలేదు."

ఎవరూ అడగని ప్రశ్నకు మా ఇంటి కూడు పోయింది. దేవుణ్ణి నమ్మేవాడితో వాదించవచ్చు. గాజు గొట్టాన్ని నమ్మి, అది చూపించినదాన్ని మాత్రం ఒప్పుకోనివాడితో ఏం వాదించాలి? ఆ కబురు మిగతా హోటళ్ళకూ పాకింది.

సాయంత్రం నాయన గడ్డపార పట్టుకుని బోర్డు వైపు నడిచాడు. అమ్మ అడ్డం నిలబడింది.

"దీన్ని పీకేస్తే వాడు కొంటాడా?"

"వాడు కాకుంటే ఇంకోడు. తెలీనోనికి పోసుకుందాం."

"ఇంగ దాచిపెట్టి బతికేది నాతో కాదు. ఎనుమునన్నా అమ్ము, దీని జోలికి పోవద్దు."

మేత లేని ఆ కరువులో పశువుల్ని కొనేది కోతకు కబేళాలకు తోలేవాళ్ళే. వాళ్ళ లారీ బోర్డు పక్కనే ఆగింది. ఎక్కించే ముందు ఎనుము బోర్డు కంబానికి ఒళ్ళు రుద్దుకుంటుంటే నాయన తాడు లాగలేదు. అమ్మ దాని పొదుగు వైపు చూసింది.

"పాలు పిండకుండానే పంపిస్తాండామే."

"పిండి ఎవరికి పోస్తావు?" అన్నాడు నాయన.