అక్క గొంతుకు కొన్న ట్యాబ్

మా అక్క ఆదోనిలో జొన్నరొట్టెలు చేసి అమ్మేది. బస్టాండు వెనక వీధిలో ఇల్లు, ఇంటి ముందే పొయ్యి. పత్తి మార్కెట్లో హమాలీ పనిచేసే బావ పొద్దున్నే వెళ్ళిపోతే, సాయంత్రం దాకా ఆ పొయ్యి దగ్గర అక్క మాటలే వినిపించేవి. రొట్టెలు చేతికొచ్చాక కూడా జనం కాసేపు నిలబడి ఆమెతో మాట్లాడి పోయేవాళ్ళు. అక్కాబావలకు పిల్లలు లేరు. అయినా ఆ ఇల్లు ఎప్పుడూ బోసిగా అనిపించేది కాదు.

నాలుక అంచున పుండు లేస్తే పన్ను గీరుకుందనుకుంది అక్క. అది మానలేదు. కర్నూలులో చూపిస్తే క్యాన్సరని, నాలుక తీసెయ్యాలని చెప్పారు. ఆ ఆసుపత్రిలోనే, మాట పోయినవాళ్ళకు సాయం చేసే ఒక డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆపరేషనుకు ముందే మీ అక్క మాటలు రికార్డు చేసి పెట్టుకోండి. తర్వాత ట్యాబ్‌లో బొమ్మ మీద వేలు పెడితే ఆ మాట ఆమె గొంతుతోనే వస్తుంది" అంది.

నేను ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరమ్మను. ఆ ఆదివారం ఆదోనికి పోయి నా ఫోన్ అక్క ముందు పెట్టాను. రికార్డింగ్ నొక్కి, మాట్లాడమన్నాను.

"ఊరికే కూసోబెట్టి మాట్లాడమంటే ఏం మాట్లాడేది? నీళ్ళు కాగినాయి సూడు. రొట్టె తడతా సెప్తా" అంది.

అట్లాగే చెప్పింది. బువ్వ తింటివా. వచ్చినావా. నీళ్ళియ్యి. రొట్టెలు ఎన్ని కావల్ల. పదిలంగా పో. నాలుక ముడుచుకుంటూ, నొప్పి ఓర్చుకుంటూ, అయినా రోజూ అనే మాటలు రోజూ అన్నట్టే అంది.

ఆపరేషను తర్వాత కాస్త కోలుకున్నాక అక్కా బావా నేనూ ఆదోని బజారులో ట్యాబ్ కొనడానికి పోయాం. కొట్లో ఉన్న అమ్మాయి "దేనికి వాడతారక్కా? సినిమాలకా, పిల్లల చదువుకా?" అనడిగింది.

"మా అక్క మాట్లాడేదానికి" అన్నాను.

ఆ అమ్మాయి అక్క మెడకు చుట్టిన గుడ్డ చూసి రెండు ట్యాబ్‌లు తెచ్చి పెట్టింది. ఒకటి మామూలుది. రెండోది బాగా ఖరీదైనది, దాని ధరకు మామూలువి రెండొస్తాయి. నా ఫోన్‌లోని మాటలు రెండింటిలోకీ ఎక్కించింది.

మొదట మామూలుదాన్ని నొక్కింది. "బువ్వ తింటివా" అని రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపించింది. మాట తెలుస్తోంది. అక్క వెంటనే తల ఊపి, ఇది చాలన్నట్టు దాన్ని తన వైపుకు లాక్కుంది. తర్వాత ఖరీదైనదాన్ని నొక్కింది ఆ అమ్మాయి. అదే మాట. కానీ గొంతు నిండుగా, అక్క పక్కనే నిలబడి అడిగినట్టు వచ్చింది. వెనకాల రొట్టె తట్టే చప్పుడు కూడా వినిపించింది.

బావ చరచరా కొట్టు దిగి బయటికి పోయాడు. ధర విని కోపమొచ్చిందేమో అనుకుని వెంట పోయాను. ఆటోల పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏం బావా, వచ్చేస్తివి?"

"ఆ రెండోదాంట్లో ఆమె ఉంది పాపా. మొదటిదాంట్లో యెవరో ఉండారు."

"అయితే రెండోదే తీసుకుందాం."

"తీసుకో. నేను తట్టుకుంటానో లేదో తెలీదు."

లోపలికి వచ్చేసరికి అక్క మామూలుదాన్నే పట్టుకుని ఉంది. చేత్తో సైగలు చేసింది: ఇంకా కర్నూలు తిరగాలి, మందులు కొనాలి, నాకెందుకంత ఖరీదుది?

"నీ గొంతు వినేది నువ్వు కాదక్కా, మేము" అన్నాను.

అక్క మామూలుదాని మీది చెయ్యి తీసేసింది.

ఖరీదైనదే తెచ్చుకున్నాం. అక్క మళ్ళీ పొయ్యి వెలిగించింది. తాను తినలేని రొట్టెలు ఊరికి చేసి పెట్టింది. పిండి చేతులతో ముట్టకుండా మోచేత్తో బొమ్మలు నొక్కేది. బావ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే "వచ్చినావా" అని వినిపించేది. మొదట్లో ఆ మాట వినగానే మొహం కడుక్కునే నెపంతో తొట్టి దగ్గరికి పోయేవాడు. తర్వాత తర్వాత "వచ్చినా" అని ఎప్పటిలాగే జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

వాన కాలానికి జబ్బు మెడలోకి దిగింది. ఒక మధ్యాహ్నం అక్క ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని బొమ్మలన్నీ ఒకటి వెంట ఒకటి నొక్కింది. నీళ్ళియ్యి. పదిలంగా పో. రొట్టెలు ఎన్ని కావల్ల. ఆమెకు కావలసిన మాట అందులో లేదని నాకు అప్పుడు అర్థమైంది. ఆపరేషనుతో నొప్పి పోతుందనుకున్న మనిషి, నొప్పి అనే మాట రికార్డు చెయ్యలేదు. నేను ట్యాబ్ తీసుకుని "నొప్పిగా ఉంది" అని టైపు చేశాను. ట్యాబ్ తన సొంత గొంతుతో, ఎవరో చదువుకున్న ఆడమనిషిలా, ఆ మాట స్పష్టంగా చదివింది. అక్క విని, ట్యాబ్‌ను బోర్లా పెట్టేసింది. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాత బావే అడిగేవాడు. "నొస్తాందా? దప్పికా? పక్కకు తిప్పల్లా?" సరైన మాట దగ్గర ఆమె కళ్ళు మూసేది. ఒక పొద్దున బావ ఆమెకు తల దువ్వుతున్నాడు. దువ్వుతుండగానే పోయింది.

దినాలయ్యాక బావ ట్యాబ్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని తీసుకుపో పాపా. ఇది ఈడుంటే నొక్కల్ల అనిపిస్తాది. నొక్కితే ఆమె ఉన్నట్లుంటాది. తిరిగి సూస్తే ఉండదు."

కర్నూలు తీసుకుపోయి డాక్టరమ్మకే ఇచ్చాను. అక్కకు వచ్చిన జబ్బే వచ్చి, ఆపరేషనుకు ఎదురుచూస్తున్న నందవరం ఆమె ఒకతె అక్కడుంది. ఏమేం మాటలు రికార్డు చెయ్యాలో నన్నే చెప్పమంది డాక్టరమ్మ. ఇంటి మాటలన్నీ చెప్పి, "నొప్పి, వద్దు, నా పక్కన కూర్చో, ఇవి కూడా చెప్పమ్మా" అన్నాను. నందవరం ఆమె చిన్నగా నవ్వి, "అంత దూరం రాదులేమ్మా" అంది.

ఆ ఎక్కువ డబ్బు దండగే కదా అని మా బడిలో ఒకరు అడిగారు. కొన్నాళ్ళు మా బావ ఇంటికొస్తే పలకరించే గొంతు ఒకటి ఉండింది, అంతే.

తర్వాతి ఆదివారం ఆదోని పోయి ఆ నందవరం ఆమె సంగతి బావకు చెప్పాను. గోడకానుకుని విన్నాడు.

"మొగుడుండాడా ఆమెకు?" అనడిగాడు.

"ఉండాడు బావా. పక్కనే కూసోని ఉన్నాడు."

తల ఊపాడు. లేచి, భుజాన తువ్వాలు వేసుకుని, మార్కెట్లో లారీ వచ్చి ఉంటుందని వెళ్ళిపోయాడు. నేను ఇల్లు ఊడ్చి, తాళం వేసి, తాళంచెవి పక్కింటివాళ్ళకిచ్చి ఎమ్మిగనూరు బస్సెక్కాను.