ఎండకు పట్టి చూసిన ఎక్స్‌రే

నిన్న నర్సు ట్రైనింగు స్కూల్లో మా టీచరమ్మ ఒక ఎక్స్‌రేను కిటికీకి ఆనించి, పక్కటెముకల మధ్య ఒరిగిన తెల్లటి ముద్దను చూపి "ఇది గుండె" అన్నారు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను.

నాకు పదకొండేళ్లప్పుడు, దగ్గు తగ్గక నాయన నంద్యాల వెళ్లి అలాంటి ఎక్స్‌రేనే తీయించుకున్నాడు. మరునాడు పొద్దున బస్సులో మా ఊరు ఆళ్లగడ్డకు తెచ్చి మా అవ్వతో చెప్పాడు.

"రొమ్ములో మచ్చ ఉండాదంట మా. డాక్టరు కర్నూలు పెద్దాసుపత్రికి పొమ్మన్యాడు."

వాకిట్లో ముగ్గు వేస్తున్న అవ్వ ఫిల్మును లాక్కుని ఎండకు పట్టి, పక్కటెముకల మధ్య తెల్లటి ముద్ద మీద వేలు పెట్టింది. "యాడికీ పోబన్లేదు. ఇదో, ఈడుంది, పిడికిలంత! ఆముదపాకు కాపడం పెడితే అదే కరుగుతాది."

"డాక్టరు కంటే నీకే బాగా తెలుసులే!" అని నాయన నవ్వబోయి దగ్గాడు. కర్నూలు మాత్రం పోలేదు.

ఫిల్మును దాచమని అవ్వ నాకిచ్చింది. మెడ కింద ఉండే అడ్డ ఎముకకు దిగువన చిటికెడు తెల్లటి మసక కనిపించింది. అవ్వ వేళ్ల ముగ్గుపిండి అంటిందనుకుని పావడ అంచుతో తుడిచాను. ఉమ్మితో తడిపి రుద్దినా పోలేదు. నేనే పాడుచేశానంటారని భయపడి, కవరులో పెట్టేసి ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు నాయన గుండె మీద వేడి ఆకులు వేశాం. దగ్గులో నెత్తురు పడ్డాక కర్నూలు తీసుకెళ్లారు. అక్కడి నుంచి నాయన తిరిగి రాలేదు.

ఆ మసకే జబ్బని నిన్నటిదాకా నాకు తెలియదు. అవ్వకు ఇప్పటికీ తెలియదు. "ఇంగ పది దినాలు కాపడం పెట్టింటే కరిగిపోయుండేది" అని ఈ పొద్దు ఇంటికి వెళితే మళ్లీ అంది. నేను తల ఊపాను.