ఆసా క్రచర్ దాచుకున్న నోరు

కెంటకీలో మా కౌంటీ వాళ్ళకి ఆసా క్రచర్ ముఖం కన్నా వీపే బాగా తెలుసు. అతను తాళ్ళు పేనేవాడు. నడుముకి జనపనార చుట్టుకుని, చక్రానికి తగిలించిన పోగును వేళ్ళ మధ్య నుంచి వదులుతూ, పొడవాటి పాకలో వెనక్కి వెనక్కి నడిచేవాడు. వెనక్కి నడిచే మనిషి చూపు ఎప్పుడూ తాను వదిలివచ్చిన చోటు మీదే ఉంటుంది.

అతను వదిలివచ్చిన చోట తమ్ముడు లెమ్ ఉన్నాడు. గుర్రం దొంగిలించాడని లెమ్‌ని కోర్టులో నిలబెట్టిన రోజు, ఆ గుర్రం పోయిన రాత్రి వాడు తనతోనే ఉన్నాడని చెప్పడానికి ఆసా లేచాడు. జడ్జి రాన్స్‌డెల్ తల కూడా ఎత్తలేదు.

"కూర్చోవయ్యా. తమ్ముడి వైపు కాక అన్న ఇంకెవరి వైపు మాట్లాడతాడు? నీ నోటితో ఈ కోర్టుకి పనిలేదు."

రెండో చలికాలం దాటకుండానే లెమ్ మా రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ జైల్లో దగ్గి దగ్గి పోయాడు. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం ఆసా భార్య డెల్ఫీతో అన్నాడు: "నా నోటితో ఆయనకి పనిపడే రోజు వస్తుంది. అప్పుడే తెరుస్తాను." ఆ తర్వాత తెరవలేదు. దిగులుతో మాట పడిపోయిందని ఊరు అనుకుంది. డెల్ఫీ అనుకోనిచ్చింది.

ఏళ్ళు గడిచాయి. కోసిన జనుము పొలాల్లో మంచుకి నానింది, ఎండింది, తాడయింది. ఆసా గొంతులో మాట మాత్రం నానుతూనే ఉండిపోయింది. అప్పుడు జడ్జి గవర్నర్ పదవికి నిలబడ్డాడు, ఆయన మీద పోటీకి బోహానన్.

మా దగ్గర ఓటు నోటితో చెప్పాలి. కోర్టు మెట్ల మీద షెరీఫ్ పేరు పిలుస్తాడు. ఎవరికి వేస్తున్నామో అందరూ వినేలా అంటాం, గుమస్తా రాసుకుంటాడు. నిలబడ్డ పెద్దమనిషి పక్కనే కూర్చుని, తన పేరు చెప్పిన ప్రతివాడితోనూ లేచి చెయ్యి కలపడం మర్యాద. జడ్జి పొలం కౌలుకి చేసేవాడు ఆ ముఖం ఎదుట ఇంకో పేరు ఎలా చెబుతాడు? చట్టం చీటీ ఒప్పుకునేది మూగవాళ్ళ దగ్గర మాత్రమే.

ఓట్లు పడే సోమవారం పొద్దున డెల్ఫీ ఉతికిన చొక్కా తెచ్చి మంచం మీద పడేసింది.

"ఇది తొడుక్కో. ఇన్నేళ్ళకి నోరు తెరుస్తూ ఆ చిరుగుల చొక్కాలోంచి తెరుస్తావా? లెమ్ చూస్తే నవ్విపోతాడు."

కోర్టు ముందు ఓటర్ల విందుకి పెద్ద కాగులో ఉడుత మాంసం, మొక్కజొన్న కలిసి ఉడుకుతున్నాయి. ఆసాని చూసి షెరీఫ్ టిల్‌ఫర్డ్ చెయ్యి ఊపాడు.

"రావయ్యా ఆసా. నీకు శ్రమ లేకుండా చీటీ జడ్జి గారే రాయించారు. ఇలా పట్టుకుని అలా ఇచ్చెయ్."

"మూగోణ్ణి కూడా వదల్లేదురోయ్," విస్కీ పీపా దగ్గర ఎవరో అన్నారు. "రేపు గుర్రాల చేత కూడా వేయిస్తారు."

జడ్జి అప్పటికే నవ్వుతూ లేచి చెయ్యి చాపాడు. ఆసా చీటీ తీసుకుని ఆ చేతిలోనే పెట్టాడు.

"నాకు నోరుంది," అన్నాడు. తుప్పుపట్టిన బావి గిలకలా ఉంది ఆ గొంతు. "నా ఓటు బోహానన్‌కి."

పీపా దగ్గరివాళ్ళు గ్లాసులు కింద పెట్టి మెట్ల దగ్గరికి వచ్చారు.

"ఆ రాత్రి లెమ్ నాతోనే ఉన్నాడు. మా పాకలో నార దువ్వుతున్నాడు. నా నోటితో పనిలేదన్నారు కదా జడ్జి గారూ. ఇవాళ పడింది."

"అదంతా ఓట్ల పుస్తకంలో రాయడానికి లేదు," గుమస్తా గొణిగాడు.

"రాయకు. వీళ్ళు విన్నారు."

తర్వాత వంతు వాష్ టాకెట్‌ది, జడ్జి కౌలుదారు. టోపీ రెండు చేతులా నలిపాడు. ఆసా మెట్టు దిగకుండా వాడి ముఖంలోకే చూస్తున్నాడు. జడ్జీ చూస్తున్నాడు.

"బోహానన్," అన్నాడు వాష్, నేల చూస్తూ. వాడి వెనకవాడూ అదే పేరు చెప్పాడు. చీటీ పట్టుకున్న జడ్జి చెయ్యి చాలాసేపు ఎవరికోసమో చాచినట్టే ఉండిపోయింది.

ఆయన గవర్నర్ కాలేదు. సొంత కౌంటీయే కాదన్నవాణ్ణి రాష్ట్రం ఏం చేసుకుంటుంది?

అంతటితో ఆసా చల్లబడతాడనుకున్నాం. జడ్జి బగ్గీ పాక ముందు నుంచి పోయినప్పుడల్లా, వెనక్కి నడుస్తూనే అడిగేవాడు: "జడ్జి గారూ, మా లెమ్ ఎక్కడైనా కనబడ్డాడా?" జడ్జి దారి మార్చుకుని నది ఒడ్డున చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాడు.

మంచు కరిగాక ఆసా చక్రం విప్పి, పాక విప్పి, నది ఒడ్డుకి మోసుకుపోయాడు. చివరి గుంజ పాతుతుంటే డెల్ఫీ విసుక్కుంది.

"మరీ ఇంత దారి పక్కనా? దుమ్మంతా నార మీదే పడుతుంది."

"పడనీ. మాట వినబడాలి కదా."