బొడ్డు తాయెత్తుతో గుణదలకు

మా చెల్లెలు సుజాత ఫోన్లో ఒక ప్రకటన చూడడంతో ఈ ప్రయాణం మొదలైంది. దాని కూతురు పుట్టగానే ఏడవలేదు. మెదడుకు ప్రాణవాయువు అందక, మూడేళ్ళొచ్చినా మెడ నిలపలేదు. బొడ్డుతాడు రక్తంలోని కణాలు ఎక్కిస్తే ఇలాంటి పిల్లలు నడుస్తారని గుణదలలోని ఒక ఆసుపత్రివాళ్ళ ప్రకటన అది. అది ఇంకా పరీక్షల దశలోనే ఉందని మా పిల్లల డాక్టరుగారు చెప్పారు. వింటేగా!

ఉదయం ఏడుంబావుకి ఉయ్యూరులో పల్లెవెలుగు ఎక్కాం. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి టిక్కెట్టు నాకొక్కడికే. కంకిపాడులో చీరల మూటతో ఎక్కినావిడ పాపను చూసి, ఎక్కడికని ఆరా తీసి, తన తోడికోడలు కానుపుకు ముందే ఒక కంపెనీతో మాట్లాడుకుని బొడ్డు రక్తం దాచిపెట్టించిందని చెప్పింది. ఎవరడిగారు? సుజాత మొహం మాడిపోయింది.

బెంజి సర్కిల్లో దిగి ఆటోలో గుణదల చేరేసరికి తొమ్మిదిన్నర. ఆసుపత్రంటే ఏమో అనుకున్నాను, బట్టల షోరూములా ఉంది. మందుల వాసన లేదు, కాఫీ మిషను మాత్రం ఉంది. డాక్టరనేవాడు కంటికి కనబడలేదు. టై కట్టుకున్న ఒకతను తెగ మర్యాద చేస్తూ, పాప బొడ్డు రక్తం దాచారా అని అడిగాడు. సుజాత పాప మొలతాడుకున్న వెండి తాయెత్తు విప్పి బల్లమీద పెట్టింది.

"దీన్లోనే ఉందండీ. బొడ్డు ఊడగానే ఎండబెట్టి దాచాను. సరిపోతుందాండీ?"

పక్కనున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మా ఇళ్ళలో పిల్లలందరి బొడ్డూ తాయెత్తులోనే ఉంటుంది. మా చెల్లెలికి తెలిసిన దాచడం అదే. టై అతను మాత్రం నవ్వలేదు, బేరం పోతుందిగా. ఎండినదాంట్లో కణాలు బతకవనీ, వేరే బిడ్డ బొడ్డు రక్తంలోవి మూడు విడతలుగా ఎక్కిస్తామనీ చెప్పాడు. ఎంతమంది నడిచారయ్యా అంటే వీడియో చూపించాడు. రాసివ్వమంటే, ఫలితం రాకపోతే బాధ్యత మాదేనని మా చేతే సంతకం పెట్టించుకునే కాగితం తీశాడు! పిల్ల నడిస్తే వాళ్ళ ఘనత, నడవకపోతే మన ఖర్మ. నాలుగు దులిపి బయటకొచ్చాను.

మెస్సులో భోజనం చేశాం. మెత్తగా పిసికిన పెరుగన్నం పాప చేత మింగించడానికి ముప్పావుగంట పట్టింది. రెండున్నరకు తిరుగు బస్సు. అటు వెళ్ళదలచినవాళ్ళు ముందు తమ డాక్టరును అడగాలి, ఫోన్లో వీడియోను కాదు. బస్సులో సుజాతకూ ఇదే ఉపన్యాసం ఇస్తూ వచ్చాను. పోరంకి దగ్గర అది నన్ను ఆపింది.

"పాప పుట్టకముందు, రక్తం దాస్తామని ఒకతను ఇంటికొస్తే నువ్వేగా తరిమేసింది. దాచి ఉంటే పాప నడిచేదా, అన్నయ్యా?"

తెలీదమ్మా అన్నాను. నిజంగానే తెలీదు. ఉయ్యూరులో దిగేదాకా దాని మొహంలోకి చూడలేకపోయాను.