లైటు వేసి చూడాలి

గత సోమవారం నా భార్య పోయింది. బడి మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుని, మళ్లీ లేవలేదట. ఖమ్మం దవాఖానాకు చేరేసరికే అంతా అయిపోయింది. గుండె అన్నారు.

చండ్రుగొండ అవతల, అడవి అంచు గూడెంలో ఆమె టీచరు. బస్సుకు నమ్మకం లేక కరెంటు బండి కొన్నది. అప్పటికి మా వైపు అలాంటి బండి ఎవరికీ లేదు, బాగుచేసేవాళ్లూ లేరు. నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అయినా బండి సంగతి ఆమెదే.

ఆదివారం సీటు ఎత్తేది. కింద నాలుగు బ్యాటరీలు. దసరా పూజనాడు పెట్టిన కుంకుమ బొట్లే వాటి నంబర్లు: ఒకటో దానికి ఒక బొట్టు, రెండో దానికి రెండు. తీగలు బిగించిన చోట పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో తుడిచి, వాసెలిన్ రాసేది. తర్వాత పట్టపగలు హెడ్‌లైటు వేసి, ఒక్కోదానికి మీటరు పెట్టేది.

“ఊకె కూసున్నోడు ఎవడైనా బలంగనే కనబడ్తడు. బరువెత్తమంటే తెలుస్తది” అనేది.

ఒక ఆదివారం ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతుంటే, నేను చూస్తానన్నాను. నాలుగూ పన్నెండున్నర వోల్టులు చూపించాయి.

“మూడు బొట్లదాని మీద నాకు అనుమానం. లైటు ఏసిన్రా?”

“అవసరం లేదు. అంకెలు బాగున్నాయి.”

ఆ వారమే ఆమె బడి నుంచి ఇద్దరం వస్తుంటే, పొద్దువాలే వేళ, గుట్ట ఎక్కుతూ బండి ఆగింది. ఇప్పపూలు రాలే కాలం. రోడ్డు పక్క చెట్టు కింద ఎలుగుబంటి. నేను సీటు మీంచి దిగలేదు.

“దిగున్రి ఫిజిక్స్ సారూ. జరసేపు ఆగితే బ్యాటరీ లేస్తది. అందాక నూకుదాం.”

“అది మనల్నే చూస్తోంది.”

“పూలు తినబట్టింది. మన అలికిడి దానికి ఎరకైతే చాలు, మీదికి రాదు.”

హ్యాండిలు పట్టుకొని, గట్టిగా పదమూడో ఎక్కం అందుకుంది. నేను వెనక నుంచి నెడుతూ వంత పాడాను. రెండుచోట్ల తప్పాను. “సారుకు ఎక్కాలు గూడ రావు” అన్నది, వెనక్కి తిరగకుండానే. గుట్ట పైకి చేరాక బండి తనంతట మెల్లగా కదిలింది. ఇంటికొచ్చి లైటు వేసి చూస్తే, మూడు బొట్లదాని దగ్గర ముల్లు తొమ్మిదికి పడిపోయింది. “చూసిన్రా” అన్నది. అంతే. ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

రెండు నెలల కింద, మెట్లెక్కితే ఆయాసం వస్తోందన్నది. దవాఖానాకు తీసుకెళ్లాను. మంచం మీద పడుకోబెట్టి గుండెకు వైర్లు పెట్టి ఈసీజీ కాగితం తీశారు. గీతలు బాగున్నాయన్నారు. అదే మాట నేను ఆమెకు రెండుసార్లు చెప్పాను.

బయటికొచ్చాక నవ్వింది. “పండుకోబెట్టే చూసిన్రుగా.”

నేనూ నవ్వాను. మళ్లీ తీసుకెళ్లలేదు.

అడవిలో నా భయం ఒక సాయంత్రంది. పక్కన ఆమె ఉంది, ఎక్కం ఉంది. ఇప్పటిది తెల్లారగానే మొదలవుతోంది. ఆ రోజు ఆమె మాట విని, మెట్లెక్కించి చూడమని డాక్టరును ఒక్కసారి అడిగి ఉంటే?

నిన్న మధ్యాహ్నం సీటు ఎత్తాను. బొట్లు చెరిగిపోతున్నాయి. హెడ్‌లైటు వేశాను. మీటరు చేతిలోనే ఉంది, పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఎండలో, ఎదురుగోడ మీద, కనిపించీ కనిపించని ఆ వెలుగు మెల్లగా మసకబారి పసుపుపచ్చకు తిరుగుతోంది. ఆర్పడానికీ చెయ్యి రాలేదు.