పెద్దమ్మ ముట్టుకున్న గొట్టం

మొన్న సెలవులకు అమలాపురం వచ్చిన మా చెల్లెలి మనవరాలు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్ల, మూరెడు అల్యూమినియం గొట్టం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. అది నడుం దగ్గర మడతపడి ఉంది. కాలేజీ మిషను మీద ఇలాంటి గుల్ల గొట్టాన్ని నిలువునా అదిమితే తట్టుకుందనీ, పక్కకు వంచితే తట్టుకుందనీ, అంతంత బలంతోనే ఆ రెండూ ఒకేసారి చేస్తే మాత్రం ఇలా ముడుచుకుపోయిందనీ చెబుతుంటే, ఆ మడతను నేనెరుగుదును అనిపించింది.

ఇళ్ళ మీద టీవీ యాంటెన్నాలు లేచిన రోజులు మన తరానికి గుర్తే. మలికిపురం దగ్గర మా ఊళ్ళో బొమ్మ అందాలంటే కొబ్బరిచెట్లను దాటేంత ఎత్తు గొట్టం కావాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని అల్యూమినియం తెప్పించింది నేనే. అప్పటికి సైన్సు మాస్టారిని, మూఢనమ్మకాల మీద సభల్లో నిప్పులు చెరిగేవాణ్ణి. గుల్లది నిలుస్తుందా అని బాబాయిగారు సందేహపడితే, వెదురు గుల్లది కాదా అని నోరు మూయించాను. పెరట్లో గొట్టం లేపేటప్పుడు మనిషి చాలకపోతే, పెదనాన్నగారు పోయాక మాతోనే ఉంటున్న పెద్దమ్మ అందరికంటే ముందు వచ్చి గొట్టం మొదలు పట్టుకుంది. మామ్మ మొహం చిట్లించింది.

మూడు వైపులా తీగలు లాగి కొబ్బరిచెట్లకే కట్టాం. చెట్లు ఊగి బొమ్మ చెదిరినప్పుడల్లా నేను తీగను ఇంకో చుట్టు బిగించేవాణ్ణి. ఎంత బిగిస్తే అంత గట్టి అనుకున్నానే తప్ప, బిగించిన ప్రతి చుట్టూ గొట్టాన్ని కిందికి అదుముతోందని తట్టలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం గాలి లేచి చెట్లు తీగలను పక్కకు గుంజేసరికి, గొట్టం నడుం దగ్గర మడతపడి, కింద గేదెను విప్పుతున్న బాబాయిగారి మీద పడి భుజం ఎముక విరిగింది.

పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ మామ్మ ఒకటే మాట చెప్పింది. "ముందు ఎవరు ముట్టుకున్నారో చూసేరు కదండీ."

గొట్టం మడతా, బిగుసుకుపోయిన తీగా చూసి నాకు సంగతి అర్థమైంది. అయినా నా తప్పు మింగేసి, ముట్టుకుంటే ఏదీ పడదని ఉపన్యాసం ఇచ్చాను. మరెందుకు పడిందంటే గాలి అన్నాను. ఆ గాలి ఊరందరికీ వీచింది కదండీ, మీ ఒక్కరిదే పడిందేమని పక్కింటాయన అడిగారు. పెద్దమ్మ తింటున్న కంచం ముందునుంచి లేచిపోయింది.

బాబాయిగారి భుజం కట్టు విప్పిన రోజున గాని నాకు ధైర్యం రాలేదు. "తీగలు అతిగా బిగించింది నేను బాబాయిగారూ. పడేసింది నేనే."

ఆయన నవ్వేరు. "ఆయ్, వదినగారిని వెనకేసుకొస్తున్నావని తెలుసులేరా."

ఆలస్యంగా చెప్పిన నిజాన్ని ఎవరూ నిజమనుకోలేదు. ఆ తర్వాత పెద్దమ్మ, బతికినన్నాళ్ళూ, ఇంటికొచ్చిన ఏ కొత్త వస్తువునూ ముందు ముట్టుకోలేదు. ఎవరైనా బయల్దేరుతుంటే తనే వంటింట్లోకి తప్పుకునేది.

ఇప్పుడు ఊళ్ళో యాంటెన్నా గొట్టాలు లేవు. మొన్న మనవరాలితో, తీగలు కట్టి నిలబెట్టిన మా గొట్టం పడిపోయిందని మాత్రమే చెప్పి ఆగాను. తీగలు ఎంత బిగించారు తాతయ్యా అని అడిగింది. మా ఇంట్లో ఆ ప్రశ్న పుట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. వినడానికి పెద్దమ్మ లేదు.