కొండ మీద నా వాటా

ఆ రోజుల్లో కొలతకు దొరకనిది ఏదీ లోకంలో లేనట్టేనని నా నమ్మకం. డెబ్బైల మొదట్లో మాట. లెక్కలు ఏ మాస్టారి దగ్గరా నేర్చుకోలేదు, పాత పుస్తకాల్లోంచి నాకు నేనే పట్టుకున్నాను (అలా పట్టుకున్నవాడికి ఉండే పొగరును కొలిచే బద్ద ఇంకా రాలేదు). మాది మంగళగిరిలో మగ్గాల ఇల్లు. మా కొండ మీద పానకాల స్వామికి బెల్లం పానకం పోస్తే సగం తాగి, సగం తెచ్చినవాళ్లకే వదిలేస్తాడు. సగమంటే సరిగ్గా సగమేనా అని నాకు సందేహం వచ్చింది. ఇత్తడి బిందె లోపల ఎత్తులో సగానికి మేకుతో గీత గీసి, నాయనమ్మను వెంటబెట్టుకుని కొండెక్కాను. పూజారి గారు శంఖంతో స్వామి నోట్లో పానకం పోశారు. గుటకల చప్పుడు కాసేపు వినిపించి ఆగింది. బిందె నా చేతికి రాగానే అక్కడే చతికిలబడి గీత చూశాను.

"లెక్క తప్పిందండీ. సగం కంటే ఎక్కువే మిగిలింది."

ఆయన బిందెలోకి తొంగి కూడా చూడలేదు. "ఎండన పడి వచ్చావు కదయ్యా, నీకు కాస్త కొసరు వేసుంటాడులే. జరుగు, వెనక జనం ఉన్నారు."

వరుసంతా నవ్వింది. నాయనమ్మ కూడా నవ్వింది, అదీ నా బాధ. లెక్క తెలియని దేవుడితో నాకు పని లేదని మెట్ల మీదే తేల్చి చెప్పి, విజయవాడ వెళ్లిపోయి వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో గుడ్డ కొలిచే పనిలో చేరాను. ఎప్పుడైనా ఇంటికి వచ్చినా కొండ వైపు తలెత్తేవాణ్ని కాదు (మంగళగిరిలో కొండ కనపడకూడదంటే నేల చూస్తూ నడవాలి, ఒకసారి గేదెనే గుద్దుకున్నాను).

గుడ్డ కొలిచాక నాలుగు వేళ్లు ఎక్కువ వేసి కత్తిరించడం ఆ బజారు ఆనవాయితీ. నేను మీటరు బద్ద ఆగినచోటే కత్తెర వేసేవాణ్ని. "కొసరేదీ బాబూ" అన్న ఆడవాళ్లకు మీటరంటే ఏమిటో వివరించేవాణ్ని. వాళ్లు ఓపిగ్గా విని పక్క కొట్టుకు వెళ్లేవారు. చివరికి ఓ వేసవిలో షావుకారు గారు, "నీ కొలత బంగారమయ్యా. గుడ్డలే నా దగ్గర ఉండిపోతున్నాయి. ఇంటికెళ్లు" అన్నారు.

బస్సు కృష్ణ మీద బ్యారేజీ దాటుతుంటే ఒకటే ఆలోచన. "చూశావా, స్వామిని కాదన్నావు, ఏమైందో" అని నాయనమ్మ అంటుందేమో. ఆ ఒక్క మాట అంటే మళ్లీ ఆ గడప తొక్కకూడదని నిర్ణయించుకున్నాను. గడప దాటితే ఎక్కడికి పోవాలో మాత్రం లెక్క తేలలేదు.

నాయనమ్మ గడపలోనే ఎదురొచ్చింది. నా మొహం చూసి, లోపలికి వెళ్లి గ్లాసుతో పానకం తెచ్చింది. మిరియాల ఘాటుకే ఎక్కడిదో తెలిసిపోయింది.

"కొండ మీదిదా?"

"నీ పేరున ఇవాళ పొద్దున పోయించిందే. శనివారం శనివారం పోయిస్తూనే ఉన్నాగా."

"నేను ఆయన్ని వదిలేశాను కదే."

"నువ్వు వదిలేశావు. ఆయన నీ వాటా వదల్లేదుగా. ప్రతి వారం సగం నీకని వెనక్కి పంపిస్తూనే ఉన్నాడు. నువ్వేమో లేకపోతివి, పారబోస్తామా ఏంటి, నేనే తాగా. ఇదిగో, ఇలా లావయ్యా."

మగ్గం గుంటలోంచి నాన్న గొంతు వినిపించింది, చేతిలో నాడె పడుగు దారాల మధ్య అటూ ఇటూ ఆడటం ఆగకుండానే. "వచ్చాడా? అన్నం పెట్టమ్మా వాడికి."

గ్లాసు ఖాళీ చేసి, అన్నానికి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి నడిచాను.

ఇప్పుడు నాకూ ఓ చిన్న బట్టల కొట్టుంది. మీటరు అయ్యాక కత్తెర ఆపి నాలుగు వేళ్లు ముందుకు జరుపుతాను. ఆ పాత బిందెలోనే పానకం కలుపుకుని కొండెక్కుతుంటాను. తిరిగి చేతికి రాగానే గీత చూడకుండా ఉండలేను, ప్రతిసారీ కాస్త ఎక్కువే మిగిలి ఉంటుంది. అడుగు సన్నగా, పైన పొట్ట వెడల్పుగా ఉన్న బిందెకు ఎత్తులో సగం గీస్తే అది సగం కాదని, లెక్క తప్పింది నేనేనని ఏనాడో తెలిసింది. గీత మాత్రం మార్చలేదు. నాకు కొసరు కనిపించేది ఆ తప్పుడు గీత మీదే మరి.